మా యాగీ

కార్తీకమాసం వనభోజనాలకి అమెరికాలో, నార్త్ కరోలినాలోని కేరీలో ఓ పార్కు బుక్ చేసుకున్నాం. ఇక్కడ ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుంది? ఇండియన్ షాపులో కొన్న ఫ్రోజెన్ ఉసిరికాయలు పళ్ళెంలో పెట్టి, అదే చెట్టనుకుని దణ్ణం పెట్టేశాం. పులిహోర, పనసపొట్టు కూర, కందాబచ్చలి, అన్నీ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా. పేపర్ ప్లేట్లు పరుస్తుండగా గాలి తిరిగింది.

పక్క షెల్టర్‌లో ఓ నల్లవాళ్ళ కుటుంబం. పెద్ద మూకుడు, కింద గ్యాస్ మంట. మొక్కజొన్న పిండి పట్టించిన చేపముక్కలు వేరుశెనగ నూనెలో వేగుతున్నాయి. మావాళ్ళు "రామ రామ" అంటూ ముక్కులు మూసుకున్నారు. నేను పులిహోర గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మూకుడు దగ్గరున్న పెద్దాయన వేసుకున్న నీలం చొక్కా మీద బంగారు రంగు అక్షరాలు. నేను అటే చూస్తున్నానని ఆయన కనిపెట్టేశాడు. జల్లెడ గరిటె పైకెత్తి గట్టిగా "యాగీ!" అని కేకేశాడు.

"ప్రైడ్!" అంది నా నోరు. నన్ను అడగనేలేదు.

ఆ మాట పలికి ఇరవై ఏళ్ళు దాటింది. మా అసోసియేషన్ వాళ్ళందరూ తిరిగి చూశారు. పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏ సంవత్సరం, ఏ డిపార్ట్‌మెంట్, ఏ వీధిలో ఉండేవాడివి అని మూడు ప్రశ్నలు వేసి, నేను జవాబు చెప్పేలోపే కౌగిలించుకున్నాడు. వెళ్ళేటప్పుడు రెండు బ్రెడ్డు ముక్కల మధ్య వేడి చేప పెట్టి, ఎర్ర సాస్ చల్లి, నా చేతిలో పెట్టాడు. కార్తీకమాసంలో నేను అది తిన్నానా లేదా అన్నది నాకూ మా ఆవిడకీ మధ్య ఉన్న విషయం.

"యాగీ ఏంటి నాన్నా?" అని మా అమ్మాయి. పన్నెండో తరగతి. కాలేజీలకి అప్లికేషన్లు రాస్తోంది. దానికి నేను ఎక్కడ చదివానో సరిగ్గా తెలీదని అప్పుడు తెలిసింది.

*

నేను చదివింది గ్రీన్స్‌బరోలో. నార్త్ కరోలినా అగ్రికల్చరల్ అండ్ టెక్నికల్ స్టేట్ యూనివర్సిటీ. అంత పేరు ఎవరూ పలకరు, ఏ అండ్ టీ అంటారు. అక్కడ చదివినవాళ్ళకి అగ్రికల్చర్ లోంచి వచ్చిన ముద్దుపేరు యాగీ. మన భాషలో యాగీ అంటే గొడవ కదా, మొదట్లో మా రూమ్‌మేట్లం ముగ్గురం "ఈ యాగీ ఏంట్రా బాబూ" అని తెగ నవ్వుకునేవాళ్ళం.

1891లో పెట్టిన కాలేజీ. అప్పటికి అక్కడ తెల్లవాళ్ళ కాలేజీల గుమ్మం నల్లవాళ్ళు ఎక్కడానికి లేదు. 1890లో కేంద్రం తెచ్చిన మోరిల్ చట్టం, మా డబ్బు కావాలంటే మీ కాలేజీల్లో వాళ్ళని చేర్చుకోండి, లేదంటే వాళ్ళకి వేరే కాలేజీ పెట్టండి అంది. దక్షిణాది రాష్ట్రాలు రెండోదానికే మొగ్గాయి. ఏ అండ్ టీ అలా పుట్టింది. వెలివేయడానికి కట్టిన గోడల మధ్య వాళ్ళు ఊరు కట్టుకున్నారు. చారిత్రకంగా నల్లవాళ్ళ కాలేజీలుగా పేరున్న వాటిల్లో ఇవాళ విద్యార్థుల సంఖ్యలో అన్నిటికన్నా పెద్దది ఇదే.

ఇదేమీ నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా, అప్లై చేసినవాటిల్లో అసిస్టెంట్‌షిప్ ఇస్తానన్నది ఇదొక్కటే అని. దిగిన మొదటి రాత్రే సీనియర్లు క్లాసు పీకారు. చీకటి పడ్డాక బయటికి వెళ్ళకు, పర్సులో ఇరవై డాలర్లకి మించి పెట్టకు, పక్కింటివాళ్ళతో ఎక్కువ మాటలు పెట్టుకోకు. వాళ్ళకీ అంతకు ముందు సీనియర్లు చెప్పిన మాటలే. ఆ రెండేళ్ళలో నా పర్సు పోయింది ఒక్కసారి, అదీ హైదరాబాద్ వచ్చినప్పుడు, సికింద్రాబాద్ స్టేషన్‌లో.

అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. నా పెళ్ళి బయోడేటా రాయిస్తూ అమలాపురం నుంచి మా నాన్న ఫోన్ చేశారు. కాలేజీ పేరు చెప్పాను. "అంత పొడుగ్గా ఎందుకురా, మధ్యలో అగ్రికల్చరల్, టెక్నికల్ తీసేద్దాం" అన్నారు. అవి తీసేస్తే మిగిలేది నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ. అది రాలీలో ఉన్న వేరే పెద్ద యూనివర్సిటీ. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలీదు. "సరే నాన్నా" అన్నాను. అబద్ధం ఎవరూ ఆడలేదు, రెండు మాటలు తగ్గించామంతే. నల్లవాళ్ళ కాలేజీ అంటే మా పెదనాన్నలు, పిన్నులు ఏమంటారో నాకు తెలుసు. అదే భయం.

మా ఆవిడకి పెళ్ళైన నెలకి చెప్పాను. "ఇందులో దాచడానికేముంది?" అంది. ఏమీ లేదు. అయినా మిగతావాళ్ళ దగ్గర ఇరవై ఏళ్ళు దాచాను.

*

మేం అద్దెకున్న ఇల్లు కాలేజీకి నడిచేంత దూరం. అరుగు లాంటి వరండా, ఊగే బల్ల, వెనకాల ఎవరూ చూడని పెరడు. పక్కింట్లో ఓ పెద్దావిడ. రిటైరైన లెక్కల టీచరు. మాలో మేం ఆవిడని మామ్మగారు అనుకునేవాళ్ళం. ఎదురుపడితే మాత్రం మేడమ్. ఆవిడ మమ్మల్ని ముగ్గుర్నీ కలిపి "బేబీ" అనేవారు. ఇరవై మూడేళ్ళ మగాణ్ణి పట్టుకుని బేబీ అంటే మొదట్లో ఎటు చూడాలో తెలిసేది కాదు.

ఆవిడ పెరట్లో కొలార్డ్ ఆకు పెంచేవారు. తోటకూర కన్నా మందం, క్యాబేజీకి చుట్టం. ఓ రోజు సంచీడు తెచ్చి గుమ్మంలో పెట్టారు. దాంతో కందిపప్పు, చింతపండు వేసి పప్పు చేసి, గిన్నెలో పట్టుకెళ్ళాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఆలోచించి, "బాగుంది బేబీ. ఇందులో ఓ టర్కీ మెడ పడితే ఇంకా బాగుండేది" అన్నారు. వాళ్ళు పొగబెట్టిన టర్కీ మెడ వేసి గంటల తరబడి ఉడికిస్తారు ఆ ఆకుని. ఆవిడ వండింది తిన్నాక, పప్పుగుత్తికి అందని రుచులు కూడా ఉన్నాయని ఒప్పుకున్నాను.

అన్నిటికన్నా గుర్తుండేది చప్పుడు. ఆగస్టులో సెలవులు అయిపోయే ముందే బ్యాండు పిల్లలు వచ్చేసేవాళ్ళు. పేరు బ్లూ అండ్ గోల్డ్ మార్చింగ్ మెషీన్. సాయంత్రం ఎండ తగ్గే వేళకి మొదలయ్యేది సాధన. ముందు డ్రమ్ములు విడివిడిగా, తర్వాత ఒక్కటిగా. వంటింటి కిటికీ అద్దం సన్నగా వణికేది. మా ఊరి తీర్థంలో తాషా డప్పులు దూరం నుంచి దగ్గరికొస్తుంటే కడుపులో ఒకలా ఉంటుందే, అలా. మా గుంటూరు రూమ్‌మేటు చెవుల్లో దూది పెట్టుకుని అల్గారిదమ్స్ చదివేవాడు. నేను మాత్రం అన్నం కుక్కర్లో పెట్టి వరండాలో కూర్చునేవాణ్ణి. తప్పు కొడితే ఆపి, మళ్ళీ మొదటినించీ. ఒకే ముక్క నలభైసార్లు. అక్టోబరు వచ్చేసరికి అది మాకూ వచ్చేసింది, స్టీలు గరిటెలతో సింకు మీద వాయించేసేవాళ్ళం.

*

హోమ్‌కమింగ్ అంటే ఏంటో మొదటి ఏడాది నాకు అర్థం కాలేదు. సీనియర్లు "ఆ శనివారం బయటికి రావద్దు, తెగ జనం" అన్నారు. సరుకులు ముందే తెచ్చుకుని తలుపు గడియ పెట్టుకున్నాం.

ఇప్పుడైతే ఒక్క మాటలో చెప్తాను: అది వాళ్ళ సంక్రాంతి. కోనసీమలో సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు కార్లు గట్టు మీద ఎలా బారులు తీరతాయో, అలా న్యూయార్క్, న్యూజెర్సీ, మేరీలాండ్, జార్జియా నంబరు ప్లేట్లు. భూమ్మీద ఇంత గొప్ప హోమ్‌కమింగ్ ఇంకోటి లేదని వాళ్ళే బిరుదు ఇచ్చేసుకున్నారు. ఆ బిరుదు ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి జీహెచ్‌ఓఈ అని రాస్తారు. మనదగ్గర పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం అంటే ఒక ఫ్లెక్సీ, మాస్టార్లకి శాలువాలు, గ్రూప్ ఫొటో, బిర్యానీ, సాయంత్రానికి బస్సు. ఇది వేరు. ఇక్కడ మనవల్ని ఎత్తుకుని వస్తారు. అసలు ఆ కాలేజీలో చదవనివాళ్ళు కూడా వస్తారు, మా అమ్మ చదివింది అని, మా మేనమామ చదివాడు అని.

శనివారం పొద్దున్న లేచేసరికి మా ముందు గడ్డిలో నాలుగు కార్లు. స్టేడియం దగ్గరే కాబట్టి చోటు కనిపిస్తే చాలు. మా వరంగల్ రూమ్‌మేటు బుర్ర చురుకు. అట్ట మీద "పార్కింగ్ పది డాలర్లు" అని రాసి నిలబడ్డాడు. పదింటికల్లా నూట ఇరవై చేశాడు. మామ్మగారు చర్చికి వేసుకునే పెద్ద టోపీ పెట్టుకుని బయటికొచ్చారు. తిడతారని మేం తలలు దించుకున్నాం.

"ఎంతయింది?" అన్నారు.

చెప్పాం.

"సగం స్కాలర్‌షిప్ ఫండ్‌కి" అని చెయ్యి చాపారు. అరవై డాలర్లు లెక్కపెట్టుకుని, చేతిసంచిలోంచి రసీదు పుస్తకం తీసి, మా ముగ్గురి పేర్ల మీద రసీదు రాసిచ్చారు. స్పెల్లింగులు అడిగి మరీ.

పూర్వ విద్యార్థుల సంఘం పని అంటే అసలు అదే. ఉత్సవం ఒక్క వారం, మిగతా యాభై ఒక్క వారాలూ రసీదులు. శుక్రవారాలు చర్చి వెనక చేపలు వేయించి, ప్లేటు ఆరేడు డాలర్లకి అమ్మేవాళ్ళు. డబ్బంతా ఎవరో పిల్లకి పుస్తకాలకి, ఎవరో పిల్లాడికి సెమిస్టరు ఫీజులో తగ్గినదానికి. ఆ చేప వాసనే మొన్న పార్కులో నన్ను పట్టుకున్నది.

*

ఆ చలికాలంలో మామ్మగారు మా తలుపు కొట్టారు. చేతిలో గుండ్రటి టోపీ డబ్బా.

"నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదా బేబీ?"

డబ్బా నిండా అట్టముక్కలు. ఆవిడ చదివిన క్లాసు, 1960ల మొదట్లో బయటికొచ్చినవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. పేరు, పెళ్ళికి ముందు ఇంటిపేరు, ఊరు, ఫోను, ఏ చర్చి, ఎప్పుడు చందా ఇచ్చారు. అంతా పెన్సిల్‌తో, ఎందుకంటే మనుషులు ఇళ్ళు మారతారు. ప్రతి సాయంత్రం వంటింటి గోడకున్న ఫోనులో ఆవిడ ఇద్దరికో ముగ్గురికో ఫోన్ చేసేవారు. మోకాళ్ళ నొప్పులు, మనవల పెళ్ళిళ్ళు అన్నీ అయ్యాక, ఆఖర్న, "మరి ఈ ఏడు చెక్కు పంపలేదేం?" ఆ వైరు పొడుగు ఎంతంటే మాట్లాడుతూనే పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర కలిపి వచ్చేవారు.

ఆ ముక్కలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాలి. గంటకింత ఇస్తామన్నారు. వద్దన్నాను. అయితే ఆదివారాలు భోజనం అన్నారు. దానికి వద్దనలేదు.

మూడు నెలలు పట్టింది. నేను మెక్‌నెయిర్ హాల్‌లోని మా ల్యాబ్‌లో రాత్రిపూట కూర్చుని కొట్టేవాణ్ణి. ఆ పేరు కూడా ఆవిడ చెప్తేనే తెలిసింది. రొనాల్డ్ మెక్‌నెయిర్ ఇక్కడే 1971లో ఫిజిక్స్ పట్టా తీసుకుని, వ్యోమగామి అయి, 1986లో చాలెంజర్ పేలిపోయినప్పుడు పోయిన ఏడుగురిలో ఒకరు. ఆయన పేరున్న తలుపు రోజూ తోసుకుని వెళ్తూ అది ఎవరి పేరో అడగలేదు నేను.

అట్టముక్కల మీద చెరిపేసిన ఊళ్ళు వెలుతురుకి పెడితే కనిపించేవి. గ్రీన్స్‌బరో చెరిపి న్యూవార్క్, అది చెరిపి ఫిలడెల్ఫియా, మళ్ళీ చివరికి గ్రీన్స్‌బరో. పట్టా చేతిలో ఉన్నా ఇక్కడ దొరికే ఉద్యోగాలు తక్కువ, అందుకని ఉత్తరానికి పోయారు. తెల్లపిల్లల బడులు, నల్లపిల్లల బడులు కలిపేశాక దక్షిణాదిలో నల్ల హెడ్‌మాస్టర్లూ టీచర్లూ ఎంతోమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కలపడం మంచిదే, కానీ కలిపినప్పుడు మూతపడింది ఎవరి బడి? ఆవిడ ఈ ప్రశ్న వేసి నా మొహం చూసేవారు, నేను సమాధానం చెప్పాల్సినవాణ్ణి అన్నట్టు. రిటైరయ్యాక మళ్ళీ ఇటే వచ్చేస్తున్నారు చాలామంది. ఒక్కో ముక్క ఒక్కో మనిషి ప్రయాణం. మా కోనసీమ నుంచి గల్ఫ్‌కి పోయినవాళ్ళ అడ్రసులు మా అమ్మ కూడా ఇలాగే ఓ డైరీలో కొట్టేసి రాసేది.

నల్లవాళ్ళ హక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ ముక్క ఉందా అని ఆత్రంగా అడిగాను. ఆయన కూడా ఏ అండ్ టీ అని అప్పటికి ఎవరో చెప్పారు. "ఆ పిల్లాడు 64 బ్యాచ్. మా తర్వాత" అన్నారు చెయ్యి ఊపేస్తూ. వాళ్ళకి బ్యాచ్ అంటే బ్యాచే.

చనిపోయినవాళ్ళని ఏం చేయాలి అని అడిగాను. వరసలు తీసేయనా?

"తియ్యకు. పేరు అలాగే ఉంచి పక్కన చిన్న శిలువ పెట్టు. వాళ్ళు చందా కట్టడం మానేశారు గానీ క్లాసు మానలేదు."

అందుకోసం ఒక కొత్త నిలువు వరస పెట్టాను. ఇంగ్లీషులో మరణించినవారు అని శీర్షిక. ప్రింటు తీసి పట్టుకెళ్తే, కళ్ళజోడు సర్దుకుని చూసి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వారు. డిసీస్డ్ అని రాయాల్సింది డిసీజ్డ్ అని కొట్టాను. స్పెల్లింగులో రెండే అక్షరాల తేడా. మరణించినవారు కాస్తా జబ్బుపడ్డవారు అయిపోయారు. నేను సిగ్గుతో చచ్చిపోయి పేపరు లాక్కోబోతే ఇవ్వలేదు.

"ఉండనీ. దిద్దావంటే ఊరుకోను. శిలువ లేనివాళ్ళు కూడా ఆ మాటకి సరిపోతారు."

*

రెండో ఏడాది హోమ్‌కమింగ్‌కి నేను ఆవిడ టెంటు కింద ఉన్నాను. పని: ఐస్ పెట్టెలు మోయడం, మడత కుర్చీలు వేయడం, ప్రింటు తీసిన జాబితాలో వచ్చినవాళ్ళకి టిక్కు పెట్టడం. పొద్దున్న ఏడింటికే బొగ్గుల పొగ. పక్క టెంటులో పక్కటెముకలు కాలుతుంటే, ఇటు చేపలు. అంతా నీలం, బంగారం. మధ్యమధ్యలో వాళ్ళ సోరోరిటీ, అంటే కాలేజీ ఆడపిల్లల సంఘం, ఆడవాళ్ళు గులాబీ, ఆకుపచ్చ కలిపి కట్టుకుని, కూత వేసినట్టు సన్నగా ఒక పిలుపు పిలిస్తే, మైదానం ఆ చివర నుంచి ఇంకో పిలుపు వచ్చేది. డెబ్భై ఏళ్ళావిడ చేతికర్ర పక్కన పెట్టి వరసలో నిలబడి డాన్సు చేయడం అక్కడే చూశాను. ఒకే పాట, అందరికీ అవే అడుగులు, నేర్పేవాళ్ళు ఎవరూ ఉండరు, అందరికీ వచ్చు.

జాబితా దగ్గర మాత్రం వేరే లోకం. వచ్చినవాళ్ళు ముందు తమ పేరు వెతుక్కునేవాళ్ళు. తర్వాత వేలు కిందికి జరిగేది, స్నేహితుల పేర్ల మీదుగా. ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. శిలువ దగ్గర. ఓ పొడుగాటి ఆయన అలా ఆగి, "ఎప్పుడు?" అన్నారు. మామ్మగారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని టెంటు వెనక్కి తీసుకెళ్ళారు. ఐదు నిమిషాల తర్వాత ఇద్దరూ వచ్చి చేప తిన్నారు. నాకూ పెట్టారు. వైటింగ్ అనే రకం చేప, సన్నటి ముళ్ళు. చుట్టూ వాళ్ళంతా "జాగ్రత్త బేబీ, ముళ్ళు" అని హడలిపోయారు. పులస తిని పెరిగినవాణ్ణి, నాకా ముళ్ళ భయం! నాలుక చివర్న ఒక్కో ముల్లూ ఏరి ప్లేటు అంచున పేర్చి చూపించాను. ఆ రోజు నాకు దొరికిన గౌరవం నా థీసిస్‌కి కూడా దొరకలేదు.

ఆట సంగతి అడగొద్దు. వాళ్ళ ఫుట్‌బాల్ నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. కబడ్డీకి కవచాలు తొడిగినట్టుంటుంది. కానీ సగం ఆట అయ్యాక విరామంలో, మిగతా చోట్ల జనం తిండికీ బాత్రూములకీ లేచిపోయే వేళ, అక్కడ ఎవరూ కదలలేదు. లేచినవాళ్ళు కూడా పరిగెత్తుకుని వచ్చేశారు. బ్యాండు దిగింది. ముందు నిలబడ్డ డ్రమ్ మేజర్లు వెనక్కి వంగారు, ఇంకా వంగారు, టోపీ ఈక నేలకి తగిలేదాకా. ఆగస్టు నుంచి నా వంటింటి కిటికీలో నలభైసార్లు విన్న ముక్క. ఎక్కడ తప్పు పడేదో నాకు తెలుసు. పడలేదు. నేను అరిచిన అరుపుకి ముందు వరస వాళ్ళు తిరిగి చూశారు.

ఆదివారం చర్చికి కూడా వెళ్ళాను. దాని గురించి పెద్దగా చెప్పలేను, పాటలకి ఏడ్చాను, మాటలకి నిద్రపోయాను.

*

ఫిబ్రవరి 1 ఒక్కటి చెప్పాలి. కాలేజీలో డడ్లీ బిల్డింగ్ ముందు నలుగురు కుర్రాళ్ళ కంచు విగ్రహం. ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకేన్, జోసెఫ్ మెక్‌నీల్. 1960లో ఆ తేదీన, మొదటి సంవత్సరం పిల్లలు, సౌత్ ఎల్మ్ స్ట్రీట్‌లో ఉల్‌వర్త్ కొట్టుకి వెళ్ళి టూత్‌పేస్టూ అవీ కొని, రసీదు జేబులో పెట్టుకుని, తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. కొట్టు మూసేదాకా కూర్చున్నారు. మర్నాడు ఇంకొందరు, ఆ మర్నాడు ఇంకొందరు, శనివారానికి వెయ్యి మంది దాటారు. జూలై 25న బల్ల అందరికీ తెరిచారు. ముందుగా కూర్చుని తిన్నది ఆ కొట్టులోనే పనిచేసే నల్ల ఉద్యోగులు.

ఏటా ఆ పొద్దున్న విగ్రహం దగ్గర దండ పెడతారు. చలిలో మామ్మగారి చెయ్యి పట్టుకుని వెళ్ళాను. మీరు అప్పుడు ఇక్కడే కదా అని అడిగాను.

"మూడో రోజు వెళ్ళాను. కాల్‌క్యులస్ పుస్తకం పట్టుకుని. వెనకాల ఎవడో గంటసేపు నా మెడ మీద ఊదుతూనే ఉన్నాడు. నేను లెక్క చేస్తూనే ఉన్నాను." కొంచెం ఆగి, "ఆ లెక్క తప్పొచ్చింది" అన్నారు. నలభై ఏళ్ళయినా ఆవిడ బాధ లెక్క తప్పినందుకే.

బ్లెయిర్ అంతకుముందు టీవీలో గాంధీ మీద ఒక కార్యక్రమం చూశాడని, అది మనసులో నాటుకుందని ఆవిడే చెప్పారు. "మీ ఊళ్ళో ఆయన గురించి పిల్లలకి ఏం చెప్తారు?" అని అడిగారు. అక్టోబరు 2న సెలవు, బ్రాందీ షాపులు మూత. అంతకు మించి నాకేం తట్టలేదు. ఏదో చెప్పాను.

తిరిగొస్తూ స్కాట్ హాల్ చూపించారు. ఆ నలుగురూ ఉన్న హాస్టల్ అదే. 1969 మేలో పక్క హైస్కూల్లో ఎన్నికల గొడవ మొదలై, నేషనల్ గార్డు సైనికులు కాలేజీలోకి వచ్చి కాల్పులు జరిగినప్పుడు ఆ గోడలకి గుళ్ళు తగిలాయి. విలీ గ్రైమ్స్ అనే రెండో ఏడాది పిల్లాడు ఆ రోజుల్లోనే తూటాకి పోయాడు. ఆ గోడ పక్కనుంచి నేను రోజూ బ్యాగు తగిలించుకుని, కాలింగ్ కార్డు నంబరు నెమరేసుకుంటూ వెళ్ళేవాణ్ణి. నేను వచ్చేశాక ఆ హాస్టల్ పడగొట్టేశారు.

*

పట్టా వచ్చాక ఉద్యోగం టెక్సస్‌లో. మొదట్లో క్రిస్మస్‌కి కార్డులు పంపేవాణ్ణి. ఆవిడ దగ్గర్నుంచి కార్డు, అందులో చందా కవరు వచ్చేవి. ఒకసారి పాతిక డాలర్లు పంపాను. తర్వాత హెచ్‌ వన్ టెన్షన్, గ్రీన్‌కార్డు, పిల్ల, ఇల్లు. కేరీకి మారి కూడా చాలా ఏళ్ళు. గ్రీన్స్‌బరో గంటంబావు దూరం. ఆ దారిలో షార్లెట్‌కి ఎన్నిసార్లు వెళ్ళామో. బోర్డు కనిపించినప్పుడల్లా రేడియో సౌండు పెంచేవాణ్ణి.

వనభోజనాల మరుసటి అక్టోబరులో అమ్మాయే లాక్కెళ్ళింది. దాని క్లాస్‌మేట్లు ఇద్దరు వెళ్తున్నారట. మా పాత ఇల్లు లేదు, అక్కడ అపార్ట్‌మెంట్లు. మామ్మగారి ఇంటి చోట కూడా. స్టేడియానికి ఇప్పుడు బ్యాంకు పేరు. పార్కింగ్ నలభై డాలర్లు. రసీదు ఇవ్వలేదు.

పొగ మాత్రం అదే. ఆ పొగలో అమ్మాయి ఎక్కడికో మాయమైపోయింది. టెంట్ల మీద సంవత్సరాల నంబర్లు చూసుకుంటూ నడిచాను. ఆవిడ బ్యాచ్ బల్ల చిన్నది, చివర్న. చక్రాల కుర్చీల్లో ముగ్గురు, వెనక వాళ్ళ పిల్లలు, అంటే నా వయసు వాళ్ళు. బల్ల మీద క్లిప్పు పెట్టిన కాగితాలు, గాలికి ఎగరకుండా వాటి మీద సాస్ సీసా.

సీసా తీసి పక్కన పెట్టాను. అక్షరాల వరసలు అవే. నేను పెట్టిన వెడల్పులే. వేలు ఆవిడ పేరు దాకా జరగడానికి ఎక్కువసేపు పట్టలేదు. పక్కన చిన్న శిలువ.

బల్ల వెనకావిడని "ఎప్పుడు?" అని అడిగాను. చెప్పింది. ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ నేను గంటంబావు దూరంలోనే ఉన్నాను.

"మీరు ఆవిడకి స్టూడెంటా?" అంది. పక్కింట్లో ఉండేవాళ్ళం అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు, మూకుడు వైపు తిరిగి ఎవరికో రెండు వేళ్ళు చూపించింది.

అమ్మాయి ఎప్పుడొచ్చిందో, నా భుజం మీంచి కాగితంలోకి చూస్తోంది.

"నాన్నా, ఈ హెడింగ్ స్పెల్లింగ్ తప్పు. ఎవరూ చూసుకోలేదా?"

"చూశారు" అన్నాను. బల్ల వెనకావిడ నవ్వుతూ, దాన్ని దిద్దడానికి వీల్లేదని పెద్దావిడ మాట తీసుకుందని, ఎందుకో ఎవరికీ తెలీదని చెప్పి, మా ఇద్దరి చేతుల్లో వేడి చేప పెట్టింది.

"జాగ్రత్త, ముళ్ళు" అంది మా అమ్మాయితో.